కోడ్‌ని కోడ్‌లాగే చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ట్యాగులతో రాసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లని వెబ్ పేజీల్లాంటి వేరే రూపంలోకి మార్చే కంప్యూటర్ భాష) మీద వచ్చిన వ్యాసం చదివాను. బ్రౌజర్లు దీన్ని తీసేస్తున్నాయి కాబట్టి విద్యార్థులు దీని జోలికి పోవద్దు, టైమ్ వేస్ట్ అని దాని సారాంశం. ఆ అభిప్రాయం సంగతి తర్వాత చెప్తాను. ముందు అదే వ్యాసం మీ వెబ్‌సైట్లో ఎలా ఉందో ఒకసారి ఫోన్ తీసి చూడండి. "ఉదాహరణకు ఈ కింది ప్రోగ్రామ్ చూడండి" అని ఒక లైను, దాని కింద ఖాళీ, ఆ ఖాళీలో రెండు మూడు మాటలు ఎక్కడివో తెలియకుండా వేలాడుతూ, ఆ తర్వాత "పై ప్రోగ్రామ్‌లో మూడో లైను గమనించండి" అని. ఏ మూడో లైను సార్?

ఏం జరిగిందంటే, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రామ్ మొత్తం కోణాల బ్రాకెట్ల మధ్య ట్యాగులుగా రాస్తారు. దాన్ని ఉన్నదున్నట్టు వెబ్ పేజీలో పెడితే బ్రౌజర్ అవి తనకు ఇచ్చిన ఆదేశాలు అనుకుంటుంది, తెలియని ట్యాగులు కాబట్టి గమ్మున మింగేసి మధ్యలో ఉన్న మాటలు మాత్రం బయట పెడుతుంది. మీ వ్యాసకర్త బహుశా సరిగ్గానే పంపి ఉంటారు, పేజీలో పెట్టేటప్పుడు పోయింది. ఈ ఉత్తరంలో నేను కోడ్ ముక్క ఒక్కటి కూడా పెట్టడం లేదు, పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, పెడితే ఏమవుతుందో మీకూ నాకూ తెలుసు కాబట్టి.

నేను విజయవాడలో పుస్తకాల డీటీపీ పని చేస్తాను. కథల పుస్తకాలు, గైడ్లు, అప్పుడప్పుడు పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లల కంప్యూటర్ పుస్తకాలు. అందుకే ఈ విషయంలో నాకు కాస్త నొప్పి ఎక్కువ. మీ పేజీలో పైథాన్ పాఠాలు కూడా వస్తున్నాయి, అవి ప్రింట్‌లో ఇంకో రకంగా చెడిపోతున్నాయి. పైథాన్‌లో లైను ముందు ఉండే ఖాళీయే వ్యాకరణం, ఏ లైను ఏ లైను కిందికి వస్తుందో ఆ ఖాళీని బట్టే తెలుస్తుంది. మీరు అన్ని లైన్లనూ ఎడమ అంచుకి తోసేశారు. మాటల చుట్టూ ఉండాల్సిన నిటారు కొటేషన్ గుర్తులు వంకర కొటేషన్లుగా మారాయి. వార్తలకి వంకరవే అందం, నేనూ కథల పుస్తకాల్లో అవే వాడతాను, కానీ కంప్యూటర్‌కి అవి వేరే అక్షరాలు, ఎర్రర్ కొడుతుంది. కమాండ్లలో పక్కపక్కన వచ్చే రెండు చిన్న గీతలు కలిసిపోయి ఒక పొడుగు గీత అయ్యాయి, అదీ అంతే. ఇవన్నీ ఎవరూ కావాలని చేసినవి కావు, సాఫ్ట్‌వేర్ తనకి తానే "అందంగా" మారుస్తుంది. వర్డ్ చేస్తుంది, పేజీలు పెట్టే ప్రోగ్రామ్ చేస్తుంది, బ్లాగులకీ వెబ్‌సైట్లకీ వాడే వర్డ్‌ప్రెస్ కూడా మామూలుగా చేస్తుంది. ఆపమని చెప్పేదాకా చేస్తూనే ఉంటుంది.

మా వీధిలో ఇంజనీరింగ్ ఫస్టియర్ పిల్లవాడు మీ పాఠం చూసి టైప్ చేసుకుని పని చెయ్యట్లేదని తల పట్టుకుని కూర్చున్నాడు. వాడికి వచ్చిన అనుమానం పేపర్ మీద కాదు, తన తెలివి మీద. నాకు కోపం వచ్చింది ఇందుకే.

సరే, బాగు చేయడం ఎలా అన్నది కూడా చెప్పాలి కదా. వెబ్ పేజీలో కోడ్ పెట్టడానికి ప్రీ అని ఒక ట్యాగ్ ఎప్పటి నుంచో ఉంది, దాని లోపల పెడితే ఖాళీలూ లైన్లూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. లెస్ దేన్ గుర్తుకీ (ట్యాగ్ మొదట్లో వచ్చే కోణాల బ్రాకెట్) యాంపర్‌సాండ్‌కీ ("అండ్" గుర్తు, ఈ సంకేతాలు దానితోనే మొదలవుతాయి) బదులుగా రాసే సంకేతాలు ఉన్నాయి. చేత్తో మారిస్తే ముందు యాంపర్‌సాండ్లు మార్చాలి, తర్వాతే లెస్ దేన్ గుర్తులు, క్రమం తిరగబడితే ఒకటి మార్చినదాన్ని ఇంకొకటి మళ్లీ మార్చేసి పాఠకుడికి ఆ సంకేతాలే కనిపిస్తాయి (ఈ రకం చెత్త కూడా మీ పాత పాఠాల్లో ఉంది, చూడండి). ఇంతవరకు చేస్తే చాలు, కోడ్ చదవడానికి వస్తుంది. రంగులు ఆ తర్వాత మాట.

రంగులంటే, కీవర్డ్ (ఇఫ్ లాంటి, ఆ భాషకి సొంతమైన మాట) ఒక రంగులో, కామెంట్ (చదివేవాళ్ల కోసం రాసే వివరణ) బూడిద రంగులో, కొటేషన్లలో ఉన్న మాటలు ఇంకో రంగులో, దీన్నే సింటాక్స్ హైలైటింగ్ అంటున్నారు. చాలామంది సోకు అనుకుంటారు. కొత్తగా నేర్చుకునే వాడికి మాత్రం ఎక్కడ కొటేషన్ మూయడం మర్చిపోయాడో రంగే చూపిస్తుంది, అక్కడి నుంచి రంగులు తేడాగా పడతాయి. ఈ పని చేసే రెడీమేడ్ సాధనాలు ఉన్నాయి. పైథాన్‌లో రాసిన పిగ్మెంట్స్ 2006 నుంచి ఉంది. హైలైట్ జేఎస్, ప్రిజమ్ లాంటివి చదివేవాడి బ్రౌజర్‌లోనే అప్పటికప్పుడు రంగులు వేస్తాయి. మామూలు వెబ్‌సైట్‌కి అవి చాలు, నేనేమీ కాదనను. అయితే పేపర్‌కి చదివేవాళ్లు పాత ఫోన్ల మీద, సిగ్నల్ సరిగా లేని చోట కూడా ఉంటారు, ఒకసారి మీ దగ్గరే రంగులు వేసి పెట్టేస్తే వాళ్ల ఫోన్ ఏ స్క్రిప్టూ దించుకోనక్కర్లేదు. పైగా అదే ఫైల్ నుంచి ప్రింట్ పేజీకి కూడా తీసుకోవచ్చు. ఇక్కడే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ పనికొస్తుంది, మీ వ్యాసం చచ్చిపోయిందని రాసిందే, అదే.

దీని పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1998 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ మరుసటి ఏడాది నవంబరులో జేమ్స్ క్లార్క్ ఎడిటర్‌గా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మొదటి వెర్షన్‌ని వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ విడుదల చేసింది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌ని తీసుకుని ఇంకో రూపంలోకి, అంటే వెబ్ పేజీగానో మామూలు టెక్స్ట్‌గానో ఇంకో ఎక్స్‌ఎమ్‌ఎల్‌గానో మార్చడం దాని పని. బ్రౌజర్లలో ఉన్నది ఇప్పటికీ ఆ 1999 నాటి వెర్షనే. దాన్ని నడిపించే పాత కోడ్‌లో భద్రతా లోపాలు బయటపడుతున్నాయి, వాడేవాళ్లు తక్కువ, అందుకని క్రోమ్ నుంచి తీసేస్తామని 2025లో గూగుల్ ప్రకటించింది. ఇంతవరకు మీ వ్యాసం కరెక్టే. కానీ అసలు భాష అక్కడ ఆగలేదు కదా. రెండో వెర్షన్ 2007లో, మూడోది 2017లో వచ్చాయి, రెండింటికీ ఎడిటర్ మైకేల్ కే. ఆయన తయారుచేసిన శాక్సన్ అనే ప్రాసెసర్‌లో (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపించే ప్రోగ్రామ్) ఉచిత ఓపెన్ సోర్స్ ఎడిషన్ ఉంది, బ్రౌజర్‌తో దానికి సంబంధమే లేదు, మన కంప్యూటర్‌లో నడుస్తుంది. విదేశీ జర్నళ్ల వ్యాసాలు, పెద్ద పెద్ద మాన్యువల్స్, డిజిటల్ లైబ్రరీల పాత గ్రంథాలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉన్నంతకాలం ఈ పని ఉంటుంది. చెన్నైలో ఆ జర్నళ్లకి పేజీలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి, అక్కడ ఈ పని తెలిసినవాళ్లకి ఉద్యోగాలున్నాయి. పిల్లలకి "జోలికి పోవద్దు" అని చెప్పేముందు అది కూడా రాస్తే బాగుండేది.

మొదటి వెర్షన్‌తో టెక్స్ట్ పని చేయడం మాత్రం నిజంగా నరకమే, అందులో మొహమాటం లేదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (ఎలాంటి అక్షరాల వరస వెతకాలో చెప్పే నమూనాలు) లేవు. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే ఫంక్షన్ కూడా లేదు. ఫలానా గుర్తుకి ముందున్నది ఇవ్వు, తర్వాత ఉన్నది ఇవ్వు అని అడగగలం, అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. వేరియబుల్‌కి ఒకసారి విలువ ఇచ్చాక మార్చడం కుదరదు, కాబట్టి టెంప్లేట్ (దేన్ని ఎలా మార్చాలో చెప్పే ప్రోగ్రామ్ ముక్క) తనని తానే మళ్లీ మళ్లీ పిలుచుకుంటూ మిగిలిన ముక్కని నములుకుంటూ పోవాలి. ఆ వెర్షన్‌లో కోడ్‌కి రంగులు వేయాలంటే జావాలో విడిగా రాసిన ఎక్స్‌టెన్షన్ తగిలించుకునేవాళ్లు. చాలామందికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటే ఉన్న చెడ్డపేరు ఆ కాలంలోదే.

రెండో వెర్షన్‌తో మొత్తం మారిపోయింది. ఎక్స్‌ఎమ్‌ఎల్ కాని మామూలు టెక్స్ట్ ఫైల్‌ని కూడా నేరుగా చదివే ఫంక్షన్ ఇచ్చారు, అన్‌పార్స్‌డ్ టెక్స్ట్ అని. ఎనలైజ్ స్ట్రింగ్ అని ఒక ఆదేశం ఇచ్చారు, దానికి ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇస్తే టెక్స్ట్‌ని మొదటి నుంచి చివరిదాకా చూసుకుంటూ వెళ్లి సరిపోయిన ముక్కల్ని ఒక వైపు, సరిపోనివాటిని ఇంకో వైపు పంపుతుంది, ఒక్క ఖాళీ కూడా పోనివ్వదు. కోడ్‌కి రంగులు వేయడానికి కావలసింది సరిగ్గా ఇదే. ఎక్స్‌ప్రెషన్‌లో ముందు కామెంట్లు, తర్వాత కొటేషన్లలో ఉన్నవి, తర్వాత అంకెలు, ఆఖర్న మాటలు, ఇలా ప్రత్యామ్నాయాలుగా రాసుకోవాలి. ఈ వరస ముఖ్యం. మాటల్ని అంకెల కంటే ముందు పెడితే అంకెలు కూడా మాటల కిందే పడిపోతాయి, వాటి రంగు వాటికి రాదు. పైథాన్‌లో మూడేసి కొటేషన్లతో రాసేవి ఉంటాయి, వాటిని ఒంటి కొటేషన్ల కంటే ముందు పెట్టాలి. సరిపోయిన ముక్క ఏ గ్రూపులో పడిందో చూసి దాని చుట్టూ స్పాన్ అనే ట్యాగ్ పెట్టి క్లాస్ పేరు ఇస్తే చాలు, ఏ క్లాస్‌కి ఏ రంగు అన్నది సీఎస్ఎస్ (వెబ్ పేజీ రంగులూ రూపూ చెప్పే భాష) చూసుకుంటుంది. మాట అయితే కీవర్డ్‌ల జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. ఒకదానిలో ఒకటి దూరే కామెంట్లు ఉన్న భాషలకి ఇది సరిపోదు గానీ, మీరు పాఠాల్లో వేసే పైథాన్, సీ, జావా, ఎస్‌క్యూఎల్ కోడ్‌కి ధారాళంగా సరిపోతుంది.

దీంట్లో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. లెస్ దేన్ గుర్తుని మార్చడం, యాంపర్‌సాండ్ ముందా వెనకా అన్న తలనొప్పి ఇక్కడ లేనే లేదు. టెక్స్ట్ అని ఇచ్చినదాన్ని ఫైల్‌గా రాసేటప్పుడు ప్రాసెసరే ఆ సంకేతాలు పెడుతుంది. మీ వ్యాసంలో మాయమైన కోడ్ ఈ దారిలో వచ్చి ఉంటే మాయమయ్యేదే కాదు. అలా సంకేతాలు పెట్టడాన్ని ఆపడానికి డిజేబుల్ అవుట్‌పుట్ ఎస్కేపింగ్ అని ఒక మీట ఉంది, ఇంటర్నెట్‌లో కొందరు ప్రతి సమస్యకీ అదే మందు రాసిస్తుంటారు, వినకండి.

నేర్చుకునేవాళ్లు ఎక్కడ పడతారో కూడా చెప్తాను, ఎందుకంటే మీ పేజీ చదివేది వాళ్లే. మొట్టమొదటి గుంట నేమ్‌స్పేస్, అంటే ట్యాగుల పేర్లకి ఇంటిపేరు లాంటిది. ఫైల్ పైన ఎక్కడో ఒక నేమ్‌స్పేస్ ప్రకటన ఉంటుంది, కంటికి ఆనదు, మీరు రాసిన టెంప్లేట్ పేర్లు అన్నీ సరిగ్గానే ఉన్నట్టు ఉంటాయి, కానీ ఒక్కటీ తగలదు. ఎర్రర్ కూడా రాదు. ఏ టెంప్లేటూ తగలకపోతే ట్యాగులన్నీ వదిలేసి లోపలి టెక్స్ట్ అంతా కలిపి పోసేయడం ఈ భాషలో ముందే ఉన్న నియమం. అందుకని పేరాలు, శీర్షికలు అన్నీ కలగలిసిన ముద్ద ఒకటి బయటికొస్తుంది, ఎందుకో అర్థం కాదు. ఎక్స్‌పాత్ డిఫాల్ట్ నేమ్‌స్పేస్ అని ఒక సెట్టింగ్ రెండో వెర్షన్ నుంచి ఉంది, అది పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

రెండోది మీసాల బ్రాకెట్లు. ఎనలైజ్ స్ట్రింగ్‌లో ఎక్స్‌ప్రెషన్ రాసేచోట మీసాల బ్రాకెట్‌కి వేరే అర్థం ఉంది, కాబట్టి "ఇది రెండుసార్లు రావాలి" అని రాయాలంటే బ్రాకెట్లని రెండేసి పెట్టాలి. ఇది తెలియకపోతే ఎంత కరెక్ట్ ఎక్స్‌ప్రెషన్ అయినా పని చేయదు. మూడోది ఖాళీలు. ఫైల్‌లో అనవసరమైన ఖాళీలు తీసేయమని స్ట్రిప్ స్పేస్ అని పెడుతుంటారు, మామూలు డాక్యుమెంట్లకి మంచిదే, కానీ రంగులు వేసిన కోడ్‌ని మళ్లీ ఇంకో స్టైల్‌షీట్‌లోంచి (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రామ్‌ని అలాగే అంటారు) పంపితే రెండు స్పాన్‌ల మధ్య ఉన్న ఒంటి ఖాళీని అది తినేస్తుంది, పక్కపక్కన ఉన్న రెండు కీవర్డ్‌లు అతుక్కుపోతాయి. ప్రీ లోపల ఉన్నవాటిని ముట్టుకోవద్దని విడిగా చెప్పాలి.

మొదలుపెట్టడం ఎలా అంటే, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసే టెంప్లేట్‌తో మొదలుపెట్టమంటాను. మూడో వెర్షన్‌లో దానికి ఒక్క లైను చాలు. అది నడిచాక, ఒక్క ట్యాగ్‌కి మాత్రం వేరే టెంప్లేట్ రాసి ఏం మారిందో చూడటం, తర్వాత ఇంకొకటి. పెద్ద పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నుంచి చదివేవాళ్లు మూడో అధ్యాయం దాటడం నేను చూడలేదు.

ఇప్పుడు తెలుగు సంగతి, మీరు తెలుగు పత్రిక కాబట్టి. పాఠాల్లో కామెంట్లు తెలుగులో రాస్తున్నారు, చాలా మంచి పని, మానకండి. కానీ తెలుగు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చాలా సాధనాలకి తెలియదు. జావాస్క్రిప్ట్‌లో "మాట అక్షరం" అనే గుర్తు అసలు తెలుగుని అక్షరాల కింద లెక్కే వేయదు. పైథాన్‌తో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లైబ్రరీ హల్లుల్ని గుర్తిస్తుంది గానీ గుణింతాల దగ్గర, పొల్లుల దగ్గర మాటని విరగ్గొడుతుంది, "పుస్తకం" అని ఇస్తే ముక్కలు ముక్కలుగా తిరిగిస్తుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తన లోపల వాడే ఎక్స్‌పాత్ అనే చిన్న భాషలో అదే గుర్తుకి నిర్వచనం వేరు: విరామ చిహ్నాలు, ఖాళీలు, కంటికి కనపడని కంట్రోల్ రకం గుర్తులు తప్ప మిగతావన్నీ మాటలో భాగమే. కాబట్టి గుణింతాలూ వత్తులూ అన్నీ కలిసే వస్తాయి. ఒకే ఒక్క చిక్కు, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా మనం పెట్టే కనిపించని గుర్తు. అది ఆ మినహాయింపుల్లో పడుతుంది, మాట రెండుగా తెగుతుంది. దాన్ని మన ఎక్స్‌ప్రెషన్‌లో విడిగా చేర్చుకుంటే సరి. తెలుగుతో రోజూ పని చేసే నాలాంటివాడికి ఇది చిన్న విషయం కాదు.

కోడ్ డబ్బాలో తెలుగు కామెంట్లు కనిపించే తీరు కూడా ఒకసారి చూడండి. లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు కోడ్‌కి సరిపడా పెడతారు, మన వత్తులు కింది లైనుకి తగులుతున్నాయి, కొన్నిచోట్ల సగం తెగిపోతున్నాయి. ఆ దూరం కొంచెం పెంచితే చాలు, పెద్ద పనేం కాదు.

నేను ఈ భాషని రోజూ వాడేది రంగుల కోసం కాదు నిజానికి. రచయితలు వర్డ్ ఫైళ్లు పంపుతారు. డాక్స్ ఫైల్ అంటే లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు జిప్ చేసి పెట్టినవే. తెరిచి చూస్తే వర్డ్ ఒక్కో తెలుగు మాటని కూడా రెండు మూడు ముక్కలు చేసి వేర్వేరు ట్యాగుల్లో పెట్టి ఉంటుంది, ఎప్పుడో మధ్యలో దిద్దిన గుర్తులూ, స్పెల్లింగ్ చూసిన గుర్తులూ. పక్కపక్కన ఉండి ఒకే రకంగా ఉన్న ముక్కల్ని గ్రూపు చేసి కలిపే సదుపాయం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ రెండో వెర్షన్‌లో ఉంది, దానితో శుభ్రం చేసి, శీర్షికలు శీర్షికలుగా, పద్యాలు పద్యాలుగా, కోడ్ కోడ్‌గా విడదీసి పేజీల్లోకి తీసుకుంటాను. కంప్యూటర్ పుస్తకం అయితే కోడ్ స్టైల్ ఉన్న పేరాల్లో వంకర కొటేషన్లని నిటారు చేసే పని కూడా అక్కడే అయిపోతుంది, కథల పేరాల్లో వంకరవి అలాగే ఉంటాయి. మామూలు ఫైండ్ రీప్లేస్‌తో ఈ తేడా చూపడం కష్టం. మీ ఆఫీసులో వార్తలు ఏ రూపంలో నిలవ చేస్తారో నాకు తెలియదు గానీ, వార్తా సంస్థలు వాడే ఎన్‌ఐటీఎఫ్, న్యూస్‌ఎమ్‌ఎల్ లాంటి పద్ధతులు కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్‌వే, అంటే మీ టెక్నికల్ వాళ్లకి ఇది పూర్తిగా పరాయి వస్తువు అయి ఉండదు.

కాబట్టి నేను అడిగేవి ఇవీ. చదువుల పేజీకి వచ్చే కోడ్‌ని వ్యాసంలో కలిపి వర్డ్‌లో తీసుకోకండి, వ్యాసకర్తల్ని విడిగా టెక్స్ట్ ఫైల్‌గా పంపమనండి, దాన్ని ఎవరూ చేత్తో ముట్టుకోకుండా పేజీలోకి వెళ్లేలా చూడండి. కాలమ్ వెడల్పు చాలక లైను విరగ్గొట్టాల్సి వస్తే విరిగినచోట ఒక బాణం గుర్తు పెట్టండి, లేదా వ్యాసకర్తనే పొట్టి లైన్లు రాయమనండి. లైన్ నంబర్లు వేస్తే కాపీ చేసినప్పుడు అవి కూడా రాకుండా సీఎస్ఎస్‌లో పెట్టించండి. రంగులు కుదిరితే సరే, కుదరకపోతే నలుపు తెలుపులోనే వేయండి, తప్పులేని నలుపు తెలుపు చాలు. మీకు కోడ్ అచ్చు వేసే వీలు లేని వారం ఉంటే ఆ వారం పాఠం ఆపండి, పిల్లలేం అనుకోరు.

పాత పైథాన్ పాఠాలు మీ సైట్లో ఇంకా అలాగే ఉన్నాయి. సెమిస్టర్ పరీక్షల ముందు పిల్లలు వాటినే వెతుక్కుంటారు, ముందు వాటిని సరిచేయించండి. అసలు ఫైళ్లు వ్యాసకర్తల దగ్గర ఉండే ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వ్యాసంలో పోయిన ప్రోగ్రామ్ కూడా మళ్లీ పెట్టండి, ఆ మూడో లైనులో ఏముందో చూడాలని ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, విజయవాడ